రెండు స్పిన్ల చేతిలెక్క నుంచి డెబ్బై స్పిన్ల గొలుసు దాకా: ఎక్స్‌పెక్టేషన్ వాల్యూ ఎలా లెక్కగట్టాలి

ప్రకాశం బ్యారేజీకి 70 గేట్లు. ఒక్కో గేటు ఎత్తి ఉందా, దించి ఉందా అన్నంత వరకే చూసినా మొత్తం అమరికలు సుమారు 1.18 × 10²¹. గేట్ల చోట స్పిన్లు (పైకో కిందకో చూసే బుల్లి అయస్కాంతాలనుకోండి) పెట్టి 70 సైట్ల గొలుసు క్వాంటమ్ స్థితిని పూర్తిగా రాయాలంటే ఆ అమరికల్లో ప్రతిదానికీ ఒక సంఖ్య దాచాలి. అంత మెమరీ ఎక్కడా దొరకదు. అయినా ఆ గొలుసు మధ్యలో ఒక స్పిన్ సగటు విలువ (ఎక్స్‌పెక్టేషన్ వాల్యూ అంటే ఇదే) ఎంతో, సరైన దారి పట్టుకుంటే, 8 జీబీ ర్యామ్ ఉన్న మామూలు లాప్‌టాప్ రెప్పపాటులో చెప్తుంది. తప్పు దారి పడితే 30 స్పిన్ల దగ్గరే చతికిలపడుతుంది.

నాగార్జున యూనివర్సిటీలోనో, విజయవాడ, గుంటూరు కాలేజీల్లోనో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చేస్తూ ప్రాజెక్టుకి మెనీ-బాడీ (చాలా కణాలు ఒకదాన్నొకటి ప్రభావితం చేసే) సమస్య తీసుకున్నవాళ్ళని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నది ఇది. పైథాన్, నంపై కొంత వచ్చి ఉంటే చాలు. అన్ని పద్ధతులకీ ఒకే ఉదాహరణ వాడతాం: రెండు స్పిన్ల ట్రాన్స్‌వర్స్ ఫీల్డ్ ఐసింగ్ మోడల్. దీని జవాబులన్నీ కాగితం మీద వస్తాయి. కాబట్టి మీరు రాసే ప్రతి ప్రోగ్రామునీ ముందు దీని మీదే నడిపి చూడవచ్చు. అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక మెతుకు చాలు. ఇక్కడ ఆ మెతుకు ఇదే.

మొదలుపెట్టే ముందు

మూడు సంగతులు కాగితం మీద రాసి పెట్టుకోండి. ఏ స్థితిలో సగటు కావాలి: గ్రౌండ్ స్టేటా, ఒక ఉష్ణోగ్రతలో ఉన్న మిశ్రమమా? ఏ ఆపరేటర్: ఒక్క సైట్‌దా, దూరంగా ఉన్న రెండు సైట్ల కోరిలేషనా, గొలుసంతా తాకేదా? ఎన్ని దశాంశాల దాకా కావాలి? పద్ధతిని ఎంచేది ఈ మూడూ కలిసి. మోడల్ పేరు చూసి పద్ధతి ఎంచుకునేవాళ్ళే ఎక్కువమంది, తర్వాత ఇరుక్కునేదీ వాళ్ళే.

నాలుగోది చిన్నదే గానీ వారాలు తినేస్తుంది. మీ ఆపరేటర్లు పౌలీ మాట్రిక్సులా, లేక వాటిలో సగం ఉండే స్పిన్ ఆపరేటర్లా? గొలుసు చివరలు తెరిచి ఉన్నాయా, చుట్టి కలిపారా? పేపర్లో ఒక రకం, మీ కోడ్‌లో ఇంకో రకం ఉంటే రెండు సైట్ల కోరిలేషన్ నాలుగో వంతుకు పడిపోతుంది. ఇక్కడ అన్నీ పౌలీ మాట్రిక్సులే, చివరలు తెరిచే ఉంటాయి.

రెండు స్పిన్లు, చేత్తో

హామిల్టోనియన్ = − జె × జడ్1 జడ్2 − హెచ్ × (ఎక్స్1 + ఎక్స్2)

జడ్1, ఎక్స్1 అంటే మొదటి స్పిన్ మీది పౌలీ జడ్, ఎక్స్ మాట్రిక్సులు, జడ్2, ఎక్స్2 రెండో స్పిన్ మీదివి. జె పక్క స్పిన్ల మధ్య బంధం బలం, హెచ్ అడ్డంగా పెట్టిన ఫీల్డ్. నాలుగు బేసిస్ స్థితులు: 00, 01, 10, 11. అన్ని స్పిన్లనీ ఒకేసారి తిప్పినా హామిల్టోనియన్ మారదు. ఆ సిమెట్రీ వాడి రెండు కలయికలు తీసుకుందాం. ‘అ’ అంటే (00 + 11) ÷ √2, ‘ఆ’ అంటే (01 + 10) ÷ √2. జడ్1 జడ్2 విలువ ‘అ’ మీద +1, ‘ఆ’ మీద −1. ఎక్స్1 + ఎక్స్2 అనేది ‘అ’ని 2 × ‘ఆ’గా, ‘ఆ’ని 2 × ‘అ’గా మారుస్తుంది. మిగిలేది రెండు వరుసల మాట్రిక్స్: కర్ణం మీద −జె, +జె, పక్కన −2హెచ్, −2హెచ్.

గ్రౌండ్ ఎనర్జీ = −√(జె² + 4హెచ్²). జె = హెచ్ = 1 పెడితే −√5, అంటే −2.2360680. వెక్టర్ 0.8506508 × ‘అ’ + 0.5257311 × ‘ఆ’. పాత బేసిస్‌లోకి విప్పితే నాలుగు సంఖ్యలు వరసగా 0.6015009, 0.3717480, 0.3717480, 0.6015009.

సగటు తీయడం ఇక్కడ కళ్ళారా చూడవచ్చు. జడ్ రకం ఆపరేటర్ కర్ణం మీదే ఉంటుంది కాబట్టి వర్గాలు చాలు: 2 × 0.3618034 − 2 × 0.1381966 = 0.4472136. ఎక్స్1 అయితే మొదటి బిట్‌ని తిప్పుతుంది: 00కి జోడీ 10, 01కి జోడీ 11. ఒక్కో జోడీ లబ్ధం 0.6015009 × 0.3717480 = 0.2236068, అలాంటివి నాలుగు, మొత్తం 0.8944272. సరిచూడండి: −0.4472136 − 2 × 0.8944272 = −2.2360680. భాగాలు కలిపితే ఎనర్జీ రావాలి. ఈ కూడిక చేయకుండా ఏ సగటునీ నమ్మొద్దు.

మీ ప్రోగ్రామ్ −2.2360680 బదులు −2.8284271 ఇస్తే చివరలు చుట్టి కలిపేసిందని అర్థం. రెండు సైట్లకి చుట్టు కడితే ఒకే బంధం రెండుసార్లు లెక్కలోకి వచ్చి −√8 అవుతుంది.

ఎనర్జీ బాగుంటే ఆపరేటర్ బాగున్నట్టు కాదు

అన్నిటికంటే ఎక్కువమందిని ముంచేది ఇదే, కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం. స్పిన్ల మధ్య ఎంటాంగిల్‌మెంట్ లేని స్థితులతోనే, అంటే మీన్ ఫీల్డ్‌తో, పై సమస్య చేసి చూడండి. అతి తక్కువ ఎనర్జీ −2 వస్తుంది, రెండు స్పిన్లూ ఎక్స్ దిశలో నిలబడినప్పుడు. అసలు జవాబు −2.236. తేడా పది శాతం చిల్లర. ఈ స్థితికీ అసలు గ్రౌండ్ స్టేట్‌కీ ఓవర్‌ల్యాప్ వర్గం 0.947. ‘తొంభై నాలుగు శాతం పైన వచ్చింది, పర్లేదు’ అనిపిస్తుంది. కానీ ఈ స్థితిలో జడ్1 జడ్2 సగటు సున్నా. రావలసింది 0.447.

కారణం సూటిగా ఉంది. ఉజ్జాయింపు వెక్టర్‌లో ‘చిన్నది’ అన్నంత పొరపాటు ఉంటే, గ్రౌండ్ స్టేట్ ఎనర్జీలో దాని వర్గమంత తప్పే కనబడుతుంది, ఎందుకంటే ఎనర్జీ అక్కడ అడుగున ఉంది, వాలు సున్నా. మిగతా ఆపరేటర్లకి ఆ అదృష్టం లేదు. వాటిలో తప్పు వెక్టర్ తప్పుతో సమానంగా పెరుగుతుంది. ఎనర్జీ ఆరు దశాంశాలకి స్థిరపడితే కోరిలేషన్ మూడు దశాంశాలకే నమ్మదగినదని లెక్కవేసుకోండి. రాబోయే ప్రతి పద్ధతిలోనూ ఈ తేడా ఏదో ఒక వేషంలో ఎదురవుతుంది.

మొత్తం వెక్టర్ దాచుకునే దారి

ఎగ్జాక్ట్ డయాగ్నలైజేషన్ అంటే వెంటనే మాట్రిక్స్ కట్టేస్తారు. 14 సైట్లకి పూర్తి మాట్రిక్స్ 16,384 వరుసలు, అన్నే నిలువులు: 2 జీబీ. అదే 28 సైట్లకి ఒక్క వెక్టర్ మాత్రమే దాచినా 2 జీబీ. అంటే మాట్రిక్స్ కట్టకపోతే గొలుసు రెట్టింపు పొడవు పోతుంది. గ్రౌండ్ స్టేట్‌ని ఇటరేషన్లతో వెతికే లాంచోస్ పద్ధతికి కావలసింది హామిల్టోనియన్ ఒక వెక్టర్ మీద చేసే పని మాత్రమే. ఆ పని బిట్లతో జరుగుతుంది: జడ్ బంధానికి రెండు బిట్లు ఒకటేనా అని చూసి ప్లస్ లేదా మైనస్ గుర్తు పెట్టడం, ఎక్స్‌కి ఎక్స్‌ఓఆర్‌తో ఆ బిట్ తిప్పి కొత్త చిరునామాలోని సంఖ్య తెచ్చుకోవడం. సగటు తీసేటప్పుడూ ఇదే. ఆపరేటర్‌కి మాట్రిక్స్ కట్టొద్దు. వెక్టర్ మీద ఆడించి, వచ్చినదాన్ని పాత వెక్టర్‌తో డాట్ చేయండి. కాంప్లెక్స్ వెక్టర్ అయితే ఎడమవైపుది కాంజుగేట్ చేయాలి. నంపైలో మామూలు డాట్ ఆ పని చేయదు, వీడాట్ చేస్తుంది. హెర్మిషియన్ ఆపరేటర్ సగటులో ఊహా భాగం 10⁻¹² కంటే పెద్దదిగా కనబడితే తప్పు ఇక్కడే వెతకండి.

లాంచోస్‌కి కనీసం మూడు వెక్టర్ల చోటు కావాలి. 8 జీబీ మెషీన్‌లో 26, 27 సైట్ల దగ్గర ఆగడం తెలివి. మే నెలలో గుంటూరు ఎండకి లాప్‌టాప్ కాగిపోయి వేగం తానే తగ్గించుకుంటుంది, పైగా కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. పది ఇటరేషన్లకోసారి చివరి రెండు వెక్టర్లు, లాంచోస్ గుణకాలు డిస్కు మీదకి రాసే నాలుగు లైన్లు మొదటిరోజే కోడ్‌లో పెట్టండి.

సరిచూడటానికి ఒక బంగారం లాంటి సూత్రం ఉంది. జె = హెచ్ = 1, చివరలు తెరిచి ఉన్నప్పుడు ఎన్ సైట్ల గ్రౌండ్ ఎనర్జీ = 1 − 1 ÷ సైన్(పై ÷ (4ఎన్ + 2)). ఎన్ = 2కి −2.2360680, పదికి −12.38149, ఇరవైకి −25.10780.

సున్నా మాగ్నెటైజేషన్

హెచ్ = 0.5 దగ్గర, అంతులేని గొలుసులో జడ్ సగటు (1 − హెచ్²) ఎనిమిదో మూలం, అంటే 0.9647. ఇది భౌతిక శాస్త్రవేత్త ఫ్యూటీ 1970లో ఇచ్చిన ఫలితం. మీ 20 సైట్ల ప్రోగ్రామ్ మాత్రం సున్నా ఇస్తుంది. ఒక్కోసారి 0.31, మళ్ళీ నడిపితే −0.6 కూడా ఇవ్వొచ్చు. రెండింటికీ మూలం ఒకటే. చిన్న గొలుసులో అసలు గ్రౌండ్ స్టేట్ సిమెట్రీని పాటిస్తుంది, కాబట్టి సున్నాయే న్యాయమైన జవాబు. కానీ దానికి ఎదురు పారిటీ (అన్ని స్పిన్లనీ తిప్పితే వచ్చే +1 లేదా −1 గుర్తు) ఉన్న స్థితి దాదాపు అదే ఎనర్జీలో కూర్చుని ఉంటుంది. 20 సైట్లకి, హెచ్ = 0.5కి ఆ తేడా సుమారు 1.4 × 10⁻⁶. లాంచోస్‌ని 10⁻⁵ దగ్గర ఆపితే అది రెండింటినీ కలిపేసి ఏదో ఒక మిశ్రమం చేతిలో పెడుతుంది. మొదటి వెక్టర్‌కి వాడిన రాండమ్ సీడ్ ఏది పలికిస్తే అదే మీ మాగ్నెటైజేషన్.

మందు: మొదలుపెట్టే వెక్టర్‌ని సిమెట్రీ సెక్టర్‌లోనే పెట్టండి, టాలరెన్సు 10⁻¹² చేయండి, జడ్ సగటు బదులు అన్ని జడ్ జోడీల సగటు తీసి దాని వర్గమూలం చూడండి. లేదంటే చివరి స్పిన్లకి చిన్న జడ్ ఫీల్డ్ తగిలించి మధ్య స్పిన్‌ని చూడండి. ఆ ఫీల్డ్ విలువని ఫలితం పక్కనే రాయడం మాత్రం మరవద్దు.

డెబ్బై స్పిన్లు, డెబ్బై వరుసలు

ఇప్పుడు మొదట చెప్పిన మాట. ఈ మోడల్‌ని జోర్డాన్-విగ్నర్ మార్పుతో ఫెర్మియాన్లుగా రాస్తే అవి ఒకదాన్నొకటి పట్టించుకోని ఫెర్మియాన్లు అవుతాయి. అప్పుడు 2⁷⁰ అక్కర్లేదు, 70 వరుసల మాట్రిక్స్ చాలు. పని ఇంతే:

కర్ణం మీద హెచ్, దాని కుడిపక్క గళ్ళలో జె, మిగతా అంతా సున్నా. అలా ఎన్ × ఎన్ మాట్రిక్స్ ‘మ’ కట్టండి. దానికి ఎస్‌వీడీ (సింగ్యులర్ వాల్యూ డీకంపోజిషన్) చేయండి: మ = య × సింగ్యులర్ విలువలు × (వ ట్రాన్స్‌పోజ్). గ్రౌండ్ ఎనర్జీ = − (సింగ్యులర్ విలువల మొత్తం). తర్వాత క = య × (వ ట్రాన్స్‌పోజ్). ఈ ‘క’లోనే గ్రౌండ్ స్టేట్ కోరిలేషన్లన్నీ ఉన్నాయి. కర్ణం మీద ఐదో గడి ఎక్స్5 సగటు. ఐదో వరుస, ఆరో నిలువు జడ్5 జడ్6 సగటు.

రెండు సైట్లకి చేత్తో: మ = (1, 1; 0, 1). సింగ్యులర్ విలువలు 1.618034, 0.618034. మొత్తం 2.236068. క = (2, 1; −1, 2) ÷ √5. మొదటి గడి 0.8944, దాని కుడిపక్కది 0.4472. పైన వెక్టర్ పద్ధతిలో వచ్చినవే.

రెండు ఆపరేటర్ల లబ్ధానికి విక్ సిద్ధాంతం వాడాలి. ఎక్స్1 ఎక్స్2 సగటు = క11 × క22 − క12 × క21 = 0.8 + 0.2 = 1. రెండు సగటుల్నీ విడిగా తీసి గుణించేస్తే 0.8 వచ్చేది. సరైన జవాబు 1 అని ఎలా తెలుసు? ‘అ’, ‘ఆ’ రెండింటి మీదా ఎక్స్1 ఎక్స్2 విలువ +1 కాబట్టి. దశాంశాల గొడవ లేకుండా సరిగ్గా ఒకటి రావలసిన ఈ పరీక్ష బాగా గుర్తుంచుకోండి, చివర్లో మళ్ళీ పనికొస్తుంది. దూరపు జడ్ జోడీకి చిన్న డిటర్మినెంట్: జడ్3 జడ్8 కావాలంటే ‘క’లో 3 నుంచి 7 వరుసలు, 4 నుంచి 8 నిలువులు తీసి దాని డిటర్మినెంట్.

70 సైట్లకి జె = హెచ్ = 1 దగ్గర ఎనర్జీ −88.76524 రావాలి. గొలుసు మధ్యలో ఎక్స్ సగటు 2 ÷ పై, అంటే 0.6366 చుట్టుపక్కల ఉండాలి.

తప్పులు ఎక్కడ దూరతాయంటే: నంపై ఎస్‌వీడీ ఇచ్చే మూడో మాట్రిక్స్ ముందే ట్రాన్స్‌పోజ్ అయి వస్తుంది. దాన్ని మళ్ళీ ట్రాన్స్‌పోజ్ చేస్తే ఎనర్జీ చెక్కుచెదరదు, ‘క’ మాత్రం చెడిపోతుంది. ఎనర్జీ చూసి సంతృప్తి పడొద్దని ముందే అనుకున్నాం కదా. రెండోది, హెచ్ జె కంటే బాగా చిన్నదై గొలుసు పొడవైతే ఒక సింగ్యులర్ విలువ దాదాపు సున్నా అవుతుంది. హెచ్ = 0.5, ఎన్ = 70 అయితే అది 10⁻²¹ స్థాయి, డబుల్ ప్రెసిషన్ అంత లోతు చూడలేదు. అప్పుడు ఎస్‌వీడీ ఆ మోడ్ గుర్తుని తన ఇష్టమొచ్చినట్టు వేస్తుంది. ‘క’ డిటర్మినెంట్ +1 కాకుండా −1 వస్తే మీరు ఎదురు పారిటీ స్థితిలో ఉన్నారు.

ఈ దారికి ఒక షరతు ఉంది. జడ్ దిశలో చిన్న ఫీల్డ్ పెట్టినా, ఒకటి విడిచి ఒకటికి జడ్ బంధం కలిపినా ఫెర్మియాన్లు ఒకదానితో ఒకటి తలపడతాయి, విక్ సిద్ధాంతం చెల్లదు. కోడ్ మాత్రం ఏ ఎర్రరూ ఇవ్వకుండా ఏదో ఒక సంఖ్య ఇస్తూనే ఉంటుంది.

టెన్సర్ల గొలుసు, బ్రాడీపేట అడ్డరోడ్లు

ఫెర్మియాన్ల దారి మూసుకుపోయిన ఒక వరుస గొలుసులకి మాట్రిక్స్ ప్రాడక్ట్ స్టేట్ వాడతారు. స్టీవెన్ వైట్ 1992లో తెచ్చిన డీఎంఆర్‌జీ (డెన్సిటీ మాట్రిక్స్ రీనార్మలైజేషన్ గ్రూప్) పద్ధతి దీనికే నప్పుతుంది. ఒక్కో సైట్‌కి డీ × 2 × డీ సైజు టెన్సర్. డీ అంటే బాండ్ డైమెన్షన్, పక్క సైట్లని కలిపే సూచిక ఎన్ని విలువలు తీసుకుంటుందన్నది. సగటు తీసేటప్పుడు ఎడమ చివరి నుంచి డీ × డీ మాట్రిక్స్ ఒకటి పట్టుకుని నడవండి: ముందు కింది టెన్సర్‌తో గుణించండి, తర్వాత మధ్యలో ఆపరేటర్, ఆ తర్వాత పై టెన్సర్ కాంజుగేట్. ఖర్చు సైట్‌కి డీ³ లెక్కన పెరుగుతుంది. పై, కింది టెన్సర్లని ముందే కలిపి పెద్ద మాట్రిక్స్ చేసుకుంటే దాని సైజు డీ⁴. డీ = 200కే 160 కోట్ల గళ్ళు, 12.8 జీబీ. గుణించే వరస మారితే చాలు, లాప్‌టాప్ పడకేస్తుంది.

డీని 50, 100, 200 అలా రెట్టింపు చేస్తూ, ఎనర్జీతో పాటు మీకు కావలసిన ఆపరేటర్ ఎంత మారుతోందో ప్రతిసారీ రాసుకోండి. స్థితిని డీకి కత్తిరించినప్పుడు పారేసిన బరువు 10⁻⁸ అయితే ఎనర్జీ తప్పు ఆ స్థాయిలోనే ఉన్నా, కోరిలేషన్ తప్పు దాని వర్గమూలం, 10⁻⁴ దాకా పోవచ్చు. కత్తిరించాక స్థితి నార్మ్ 1 కాకుండా పోతుంది కాబట్టి చివర్లో నార్మ్‌తో భాగించాలి.

రెండు కొలతల లాటిస్ అయితే? గుంటూరు బ్రాడీపేట చిరునామా తెలిసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. 4/14 అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. లైనుకి 14 అడ్డరోడ్లు అనుకుని ఆ కూడళ్ళన్నింటినీ ఒకే వరసలో నంబరు వేయాలంటే పాములా వెళ్ళాలి: మొదటి లైను ఎడమ నుంచి కుడికి, రెండోది కుడి నుంచి ఎడమకి. అప్పుడు 3/14కి 42, 4/14కి 43 వస్తాయి, పక్కపక్కనే. కానీ 3/1కి 29, 4/1కి 56. ఊళ్ళో ఎదురెదురు కూడళ్ళు గొలుసులో 27 సైట్ల దూరం పోయాయి. మధ్యలో ఉన్న ప్రతి సైట్ ఈ బంధాన్ని మోయాలి, జోర్డాన్-విగ్నర్ వాడితే ఆ 26 సైట్ల గుర్తుల తాడు కూడా లెక్కలోకి రావాలి. కావలసిన డీ అడ్డు వెడల్పుతో ఘాతంలా పెరుగుతుంది. అందుకే సన్నటి వైపుని అడ్డంగా, పొడుగు వైపుని గొలుసు దిశలో పెట్టండి. సరి లైన్లలో నంబరు వెనక్కి తిప్పడం మర్చిపోవడం ఇక్కడ జరిగే మామూలు పొరపాటు. 2 × 3 లాటిస్‌ని పూర్తి వెక్టర్ పద్ధతితో పోల్చితే పట్టుబడుతుంది.

మాంటే కార్లో: విలువ పక్కన ఎర్రర్ లేకపోతే అది విలువ కాదు

వేరియేషనల్ మాంటే కార్లోలో అమరికల్ని వాటి సంభావ్యత ప్రకారం ఎంచి, ఒక్కో అమరికకీ ‘స్థానిక విలువ’ తీసి సగటు చేస్తారు. రెండు స్పిన్ల వెక్టర్ మీద చూడండి. ఎక్స్1కి 00 అమరికలో స్థానిక విలువ 0.3717480 ÷ 0.6015009 = 0.618034. 01లో 1.618034. 00, 11 కలిపి 0.7236 వంతు, 01, 10 కలిపి 0.2764 వంతు వస్తాయి. సగటు 0.8944. సరే.

అదే ఎనర్జీకి: 00లో −1 − 2 × 0.618034 = −2.236068. 01లో +1 − 2 × 1.618034 = −2.236068. ఏ అమరిక తీసినా ఒకటే సంఖ్య, చెదురు సున్నా. వేవ్‌ఫంక్షన్ కచ్చితమైతే ఎనర్జీకి ఒక్క శాంపిల్ చాలు. ఎక్స్1 స్థానిక విలువల వేరియన్సు మాత్రం 0.2, జడ్1 జడ్2ది 0.8. పది వేల స్వతంత్ర శాంపిళ్ళ తర్వాత వాటి ఎర్రర్లు 0.0045, 0.0089. ఎనర్జీ ఎర్రర్ చూసి మిగతావాటికీ అదే రాసేయడం ఎంత తప్పో ఇక్కడ తేటతెల్లం.

ఆ ‘స్వతంత్ర’ అన్న మాట దగ్గర ఇంకో గొయ్యి ఉంది. అమరికల్ని ఎంచే మెట్రోపోలిస్ పద్ధతి ఒక్కో స్పిన్ తిప్పుతూ పోతుంది, వరస శాంపిళ్ళు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. ఆటోకోరిలేషన్ కాలం 50 అయితే పది వేల శాంపిళ్ళు నిజంగా విలువ చేసేది వందకే, ఎర్రర్ పది రెట్లు. బిన్నింగ్ చేయండి: శాంపిళ్ళని 2, 4, 8, 16 చొప్పున గుంపులు చేసి, గుంపు సగటుల నుంచి ఎర్రర్ తీస్తూ పోండి. ఎర్రర్ పెరిగి పెరిగి ఒకచోట సమతలం అవుతుంది. ఆ సమతలమే మీ ఎర్రర్. సమతలం రాకపోతే మీరు నడిపింది చాలలేదు.

వేవ్‌ఫంక్షన్ సున్నా అయ్యే అమరికల్ని శాంప్లర్ ఎప్పుడూ చూడదు. ఆపరేటర్ అక్కడినుంచి తేవలసిన వాటా ఉంటే సగటు పక్కకి ఒరుగుతుంది, ఎర్రర్ బార్ ఆ సంగతి చెప్పదు. ఇక ఫ్రస్ట్రేషన్ ఉన్న (అన్ని బంధాల్నీ ఒకేసారి తృప్తిపరచలేని) స్పిన్లకీ, ఫెర్మియాన్లకీ పాత్ ఇంటిగ్రల్ మాంటే కార్లోలో సైన్ ప్రాబ్లం (సంభావ్యతలుగా వాడవలసిన బరువులు రుణాత్మకం కావడం) వస్తుంది. అన్ని సందర్భాలకీ పనిచేసే పరిష్కారం దొరకడం ఎన్‌పీ-హార్డ్ అని ట్రోయర్, వీసే 2005లో చూపించారు. ప్రాజెక్టుకి ఆరు నెలలే ఉన్నవాళ్ళు ఆ వైపు వెళ్ళకపోవడం మంచిది.

ఉష్ణోగ్రత ఉన్నప్పుడు

రెండు స్పిన్లకి నాలుగు ఎనర్జీలు: ±2.236068, ±1. బీటా (ఉష్ణోగ్రతకి విలోమం) = 1 దగ్గర పార్టిషన్ ఫంక్షన్ 12.5495, జడ్1 జడ్2 సగటు 0.5169. సున్నా ఉష్ణోగ్రతలో 0.4472 కదా, వేడి చేస్తే కోరిలేషన్ పెరగడమేమిటని అనుమానం రావచ్చు. జవాబు సరైనదే. −1 ఎనర్జీ ఉన్న మొదటి ఎక్సైటెడ్ స్థితి (00 − 11) ÷ √2, అందులో జడ్1 జడ్2 సరిగ్గా 1. కాస్త వేడి ఆ స్థితిని లోపలికి తెస్తుంది. ఇంకా వేడి చేస్తే తగ్గి సున్నాకి పోతుంది.

కోడ్‌లో ఘాతాలు నేరుగా వేయొద్దు. 20 సైట్లకి ఎనర్జీ −25.1, బీటా 30 అయితే ఘాతం 753. డబుల్ ప్రెసిషన్ 709 దాటితే ఇన్‌ఫినిటీ, భాగిస్తే నాన్, అంటే సంఖ్యే కాదు. ముందు అన్ని ఎనర్జీల నుంచి గ్రౌండ్ ఎనర్జీ తీసేయండి, పైనా కిందా అదే గుణకం కొట్టుకుపోతుంది.

రెండో దారిలో అదే సంఖ్య

హెల్‌మాన్-ఫైన్‌మాన్ సంబంధం ఏ పద్ధతినైనా పరీక్షిస్తుంది: ఎనర్జీని హెచ్‌తో డిఫరెన్షియేట్ చేస్తే − (ఎక్స్‌ల సగటుల మొత్తం) రావాలి. హెచ్‌ని అటూ ఇటూ కొద్దిగా జరిపి రెండుసార్లు ఎనర్జీ తీసి తేడాని భాగించండి. ఎంత జరపాలి? మరీ కొంచెం జరిపితే ఎనర్జీలోని రౌండింగ్ తప్పు పెద్దదవుతుంది, ఎక్కువ జరిపితే వంపు అడ్డొస్తుంది. ఎనర్జీ 10⁻¹² దాకా నమ్మదగితే 10⁻⁴ జరపడం సరైన కొలత. ఏ ఆపరేటర్‌నైనా చిన్న గుణకంతో హామిల్టోనియన్‌కి కలిపి ఇదే పని చేయవచ్చు. అసలైన ఐగెన్ స్థితికో, పూర్తిగా కనిష్ఠం చేసిన వేరియేషనల్ స్థితికో మాత్రమే రెండు సంఖ్యలూ కలుస్తాయి. కలవకపోతే మీ కనిష్ఠీకరణ మధ్యలో ఆగింది.

క్వాంటమ్ కంప్యూటర్ మీద కొలిస్తే

అమరావతి క్వాంటమ్ వ్యాలీలో 156 క్యూబిట్ల హెరాన్ ప్రాసెసర్‌తో ఐబీఎం సిస్టం టూ పెట్టబోతున్నట్టు 2025లో ప్రకటించాక, ‘ఇక ఈ లెక్కలెందుకు, మెషీన్‌నే అడుగుదాం’ అనేవాళ్ళు మన చుట్టూ పెరిగారు. అడగొచ్చు, కానీ అక్కడా దొరికేది సగటు కాదు. ఒక్కో కొలతకీ +1 లేదా −1 మాత్రమే. వేరియన్సు = 1 − సగటు వర్గం. జడ్1 జడ్2కి అది 0.8. ఎర్రర్ 0.01కి దించాలంటే 0.8 ÷ 0.0001 = 8,000 షాట్లు (ఒక్కో కొలత ఒక షాట్). ఎక్స్1కి 2,000 చాలు. మరో దశాంశం కావాలంటే వంద రెట్లు. అన్ని జడ్‌లూ ఒక సెట్టింగ్‌లో, అన్ని ఎక్స్‌లూ కొలతకి ముందు హాడమార్డ్ గేటు పెట్టి ఇంకో సెట్టింగ్‌లో. ఒకదానితో ఒకటి కమ్యూట్ అయ్యేవాటిని ఒకే షాట్లలో చదివేయండి.

షాట్లు పెంచినా పోని తప్పు రీడౌట్‌ది. ఒక్కో క్యూబిట్ 2 శాతం సార్లు తప్పు చదివితే, రెండు క్యూబిట్ల సగటు 0.96 × 0.96 = 0.9216 రెట్లకు కుంచించుకుపోతుంది. 0.4472 బదులు 0.4121 కనబడుతుంది, ఎన్ని లక్షల షాట్లు వేసినా అంతే. ఇక్కడే ఎక్స్1 ఎక్స్2 అక్కరకొస్తుంది. అది సరిగ్గా 1 ఉండాలని మనకి ముందే తెలుసు. మెషీన్ 0.92 చూపిస్తే, స్థితి బాగానే తయారైందనుకుంటే, ఆ లోటంతా రీడౌట్‌దే. 0.4121ని 0.9216తో భాగించండి, 0.4472 తిరిగి వస్తుంది. రాకపోతే తప్పు చదవడంలో లేదు, స్థితిని తయారుచేసిన సర్క్యూట్‌లో ఉంది.